సగం పూడిన గుంత

వెంకటేశ్వరమ్మ నడుము ఎప్పుడో చేతులెత్తేసింది. ఆరేళ్ల మనవరాలు ఇందును చంకన వేసుకుని తిరగడం ఆషామాషీ పనా? పుట్టినప్పటి నుంచీ ఆ పిల్ల కాళ్లలో సత్తువ లేదు. కొడుకూ కోడలూ పొద్దున్నే ఎమ్మిగనూరులో బస్సెక్కి ఆదోనికి పనికి పోతే, తిరిగి వచ్చేసరికి దీపాలు పెట్టే వేళవుతుంది. అంతవరకూ పిల్లకు స్నానమైనా, బువ్వైనా, దొడ్డికి పోవడమైనా అన్నీ ఈవిడ చంక మీదనే.

మోయడం కష్టమే గానీ, ఆవిడను తినేస్తున్న బాధ అది కాదు. వీధిలో పిల్లలు ఇందుతో ఆడరు. చెడ్డవాళ్లని కాదు, పాపం, వాళ్ల ఆటలన్నీ నేల మీద. ఇందును నేల మీద కూర్చోబెడితే కాసేపటికే పక్కకు ఒరిగిపోతుంది. కుర్చీలో కూర్చోబెడితే, పైన ఒక మనిషి ఉందన్న సంగతే కింద వాళ్లకు గుర్తుండదు. బువ్వలాట ఆడుతూ ఆడుతూ పక్కింటి అరుగు మీదికి పోతారు. ఇందు వాళ్లు పోయిన వైపే చూస్తూ ఉంటుంది.

"పెరట్లో మగ్గం కొట్టం ఊరికే పడుండాది కదయ్యా. దాన్ని పిల్లోళ్లకు ఆటల ఇల్లు సేద్దాం. మన ఇంట్లోనే ఆడుకుంటే, మన పిల్లను ఇడిసిపెట్టి యాడికి పోతారు?" అంది ఒకరోజు మొగుడితో.

నాగప్ప ఇన్నేళ్లూ నేసింది ఆ కొట్టంలోనే. మోకాళ్లు పోయాక మగ్గం విప్పి బంధువులకు ఇచ్చేశాడు గానీ, మగ్గం గుంతను మాత్రం అలాగే ఉంచాడు. నేతగాడు నేల మీద కూర్చుని, కాళ్లు కిందికి వదిలి, మగ్గాన్ని తొక్కే గుంత అది. చెప్పులతో దాని దగ్గరికి ఎవరినీ రానిచ్చేవాడు కాదు. మగ్గం పోయినా శుక్రవారం శుక్రవారం దాని అంచుకు పసుపు కుంకుమ పెట్టడం వెంకటేశ్వరమ్మా మానలేదు.

"గుంత పూడ్సల్లనా?" అన్నాడు నాగప్ప.

"మరి? పిల్లోళ్లు పడి కాళ్లు ఇరగ్గొట్టుకుంటే వాళ్లమ్మలు వచ్చి నా జుట్టు పట్టుకుంటారు."

ఆ శుక్రవారం ఆఖరిసారి కుంకుమ పెట్టి, టెంకాయ కొట్టి పని మొదలుపెట్టారు. బూజు దులిపారు. గోడలకు గులాబీ రంగు వేశారు. నాగప్ప పెరటి మూల మట్టి తవ్వితే, వెంకటేశ్వరమ్మ తట్టతో తెచ్చి గుంతలో పోసింది. ఇద్దరి సత్తువా కలిపినా ఒక మనిషికి చాలదు. ఎంత పోసినా ఆ మాయదారి గుంత మింగుతూనే ఉంది. సగం నిండిందో లేదో ఆవిడ తట్ట పక్కన పడేసి చతికిలబడింది.

"ఇంక నా వల్ల కాదయ్యా."

"మిగతాది రేపు పోద్దాంలే" అని నాగప్ప గుంత మీద ఒక చెక్క పలక కప్పాడు. ఆ రేపు రానే లేదు.

రంగు గోడలు చూసి పిల్లలు మాత్రం వచ్చారు. పక్కింటి శేషన్న మనవరాలు సరస్వతి గిన్నెల బుట్టతో సహా తన దండునంతా వెంటేసుకొచ్చింది. ఇందును వాళ్ల మధ్యే కుర్చీలో కూర్చోబెట్టారు. కాసేపు బాగానే జరిగింది. తర్వాత గిన్నెలు కుర్చీ వెనక మూలకు జరిగాయి, పిల్లలూ జరిగారు. "నాకూ ఒక గిన్నె ఇయ్యండి" అని ఇందు అడిగింది. ఎవరికీ వినబడలేదు. మళ్లీ అడిగింది.

వెంకటేశ్వరమ్మకు ఒళ్లు మండిపోయింది. ఇంత చాకిరీ చేస్తే చివరికి ఇదా! ఎవరిని తిట్టాలో తెలియక, "దా తల్లీ, పోదాం" అని పిల్లను విసురుగా ఎత్తుకుంది. నడుము పట్టేసింది.

"అయ్యయ్యో, పట్టుకోవయ్యా!"

నాగప్ప పిల్లను అందుకున్నాడు. ఆయన మోకాళ్లు మాత్రం ఊరుకుంటాయా? పిల్లతో సహా గుంత పక్కనే నేల మీదికి కూలబడ్డాడు. నేసే ఇళ్లలో పిల్లను పక్కన కూర్చోబెట్టుకునే చోటు ఒక్కటే, గుంత అంచు. ఆలోచన లేకుండానే చెయ్యి పలకను ముందుకు తోసింది. ఇందు వీపును గోడకు ఆనించి, కాళ్లు గుంతలోకి వదిలి, తాను ఇన్నేళ్లూ కూర్చున్న చోట కూర్చోబెట్టేశాడు.

"నీ తెలివి తెల్లారినట్టే ఉండాది! గుంతలో పెడ్తాండావే, పడిపోతాది!"

పడలేదు. గుంత మొదట్లో ఉన్నంత లోతుగా ఉంటే పిల్ల కాళ్లు గాలిలో వేలాడేవి. పూర్తిగా పూడ్చి ఉంటే కాళ్లు వదలడానికి చోటే ఉండేది కాదు. వీళ్లు ఓపిక లేక వదిలేసిన మట్టి సరిగ్గా ఆ చిన్న పాదాలకు అందింది. ఇందు ఒరగలేదు. నిటారుగా కూర్చుని చుట్టూ చూసింది. సరస్వతి ముఖమూ ఆమె ముఖమూ ఒకే ఎత్తులో ఉన్నాయి.

"ఇందూ, నీ ముందర పలక ఉండాది కదా, నువ్వు అంగడి పెట్టుకో. మేము బేరానికొస్తాం" అని సరస్వతి గిన్నెలన్నీ తెచ్చి ఆమె ముందు పోసింది.

ముసలివాళ్లిద్దరూ గోడవారన కూర్చుండిపోయారు. చాలాసేపటికి వెంకటేశ్వరమ్మ రెండు చేతులూ చాచింది. "దా, పాలు తాగుదువుగానీ."

"నేను రాను. నువ్వు పో అవ్వా. ఈడికి పెద్దోళ్లు రాగూడదు."

ఇందు ఆవిడను పొమ్మనడం అదే మొదటిసారి. వెంకటేశ్వరమ్మ బయటికొచ్చి మెట్టు మీద కూర్చుంది. చంక ఖాళీగా ఉంది. ఆ ఖాళీ చంకతో ఏం చేయాలో తెలియక కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చేసింది.

నాగప్ప పక్కన కూర్చుని మోకాళ్లు రాసుకుంటూ అన్నాడు: "పిల్ల కాళ్లు పొడుగైతాయి కదే. అప్పుడు పోసిన మట్టంతా మళ్లా తవ్వి మొయ్యల్ల."

"మోస్తాలే" అంది ఆవిడ.