వీణ స్తోత్రం చెప్పని ఆదివారం

గని కార్మికుల కోరమండల్ లైన్ ఇళ్ళ మధ్య ఉన్న చిన్న ప్రార్థన మందిరంలో వీణ ప్రార్థన చేస్తుంటే వినేవాళ్ళకు కళ్ళు తడిసేవి. ఎవరికి జ్వరం వచ్చినా, ఎవరికి పని పోయినా పాస్టరయ్య కంటే ముందు ఆమెకే కబురు పెట్టేవాళ్ళు. అట్లాంటి వీణకు పెళ్ళయిన పదకొండేళ్ళకు కూతురు పుట్టింది. సంఘమంతా ఉపవాసాలుండి అడిగిన బిడ్డ. తొమ్మిదో రోజు పొద్దున ఊపిరందక చనిపోయింది. గుండెలో రంధ్రం ఉందని డాక్టర్లు కనిపెట్టేసరికే అంతా అయిపోయింది.

సమాధుల తోటలో వీణ నేలమీద పడి ఏడవబోతే సంఘపెద్ద చిన్నన్న వంగి చెవిలో చెప్పాడు.

"ఏడవగూడదమ్మా. పాప ప్రభువు దగ్గర ఉండాది. నువ్వే ఇట్లయితే కొత్తగా నమ్మినోళ్ళు ఏమనుకుంటారు?"

వీణ నోట్లో కొంగు కుక్కుకుంది. మూడో రోజుకే ఆమె భర్త మునిశంకర్ మాలూరు ఫ్యాక్టరీలో పనికి రైలెక్కాడు, ఇంట్లో ఉండలేక. పగలంతా ఇంట్లో ఆమె ఒక్కతే మిగిలేది. మోకాళ్ళూని "స్తోత్రం ప్రభువా" అనేది, ఆ తర్వాత మాట వచ్చేది కాదు. రొమ్ములు పాలతో రాళ్ళయ్యేవి. ఆ పాలు పిండి బచ్చలింట్లో నీళ్ళతోబాటు పారబోసేది.

మూడో ఆదివారం చిన్నన్న లేచి, "మన వీణమ్మ ఇప్పుడు కృతజ్ఞతా ప్రార్థన చేస్తాది" అన్నాడు.

వీణ లేచి నిలబడింది. అప్పుడే వెనక వరసలో ఎవరి పసిబిడ్డో ఏడ్చింది. ఆ ఏడుపు చెవిన పడగానే పాలు చేపుకొచ్చి రవిక తడిసిపోయింది. ఆమె కొంగు ముందుకు లాక్కుంది.

"తండ్రీ, నాకు నీమీద కోపంగా ఉండాది" అంది.

ముందు వరసలో వాళ్ళు కళ్ళు తెరిచి ఆమెవైపు చూశారు.

"పదకొండేండ్లు అడిగినాను. ఇయ్యకుండా ఉండింటే ఓర్చుకునేదాన్ని. ఇచ్చి తీసుకున్నావు. బిడ్డ నీలంగా అయితా ఉంటే నిన్నే పిలిచినాను. ఆ పొద్దు యాడుండావు? పాలు ఇంగా వస్తానే ఉండాయి. ఎవరికి తాపేది, నువ్వే చెప్పు. అందరూ స్తోత్రం చెప్పమంటారు. నీతో అబద్ధం చెప్పలేను."

"చాలమ్మా, ఇది ప్రార్థన కాదు" అంటూ చిన్నన్న పాట ఎత్తుకోబోయాడు.

పాస్టరయ్య ఆయన చెయ్యి పట్టుకున్నాడు. "ఉండన్నా. ప్రభువుతోనే కదా మాట్లాడతా ఉండాది."

వీణకు వాళ్ళ మాటలు వినపడలేదు. తలుపు దగ్గర కూర్చున్న మారమ్మ ఆమె కంటపడింది. నాలుగేళ్ళ కింద మారమ్మ కొడుకు బైకు ప్రమాదంలో పోయినప్పుడు ఓదార్చడానికి వెళ్ళింది తనే.

"ఇంగొకటి ప్రభువా. మారమ్మక్కను నేను ఏడవనియ్యలేదు. చేతులు పట్టుకొని స్తోత్రం చెప్పించినాను. నాకు అప్పుడు తెలీలేదు."

అంతే. ఆమెన్ కూడా అనకుండా కూలబడింది. మూడు వారాలుగా గొంతులో అణచిపెట్టిన ఏడుపు ఒక్కసారిగా బయటపడింది. ఎవరూ పాట పాడలేదు.

మారమ్మ వచ్చి పక్కన కూర్చుంది.

"ఆ పొద్దు నీ ముందర స్తోత్రం అన్నాను. నువ్వు పోయినాక తలుపేసుకొని ఏడ్చినాను. ఇంగా అట్లే ఏడుస్తా ఉండాను."

"నన్ను క్షమించక్కా."

"అది తర్వాత చూద్దాం. ముందు ఏడువు."

ఆ మధ్యాహ్నం మారమ్మ ఆమెను ఇంటికి తీసుకొచ్చింది. పాలు ఇంకిపోవడానికి మల్లెపూలు తెప్పించి గుడ్డలో పెట్టి రొమ్ములకు కట్టింది. పూలు కట్టేటప్పుడు వీణ మళ్ళీ ఏడ్చింది. పాలు కూడా పోతే బిడ్డ గుర్తు తన ఒంట్లో ఏదీ మిగలదని ఆమె భయం. మారమ్మ కాదనలేదు.

మారమ్మ వెళ్ళిపోయాక, పొద్దు వాలుతుండగా మునిశంకర్ లోపలికొచ్చాడు. ఫ్యాక్టరీకి సెలవని పొద్దున మందిరానికి వచ్చి, మగవాళ్ళ వైపు చివర కూర్చుని అతనూ అంతా విన్నాడు. వచ్చి ఆమె పక్కన నేలమీద కూర్చున్నాడు.

"నేనూ ఆయన్ని ఒకటి అడగాల" అన్నాడు.

"అడుగు" అంది వీణ.

అతను కళ్ళు మూసుకున్నాడు. పెదాలు కదిలాయిగానీ మాట రాలేదు. వీణ అతని వీపుమీద చెయ్యి వేసి, మాట వచ్చేదాకా కూర్చుంది.