తలూపినంత మాత్రాన

బెడ్‌పాన్లు కడిగి బోర్లించి, చేతులు మోచేతుల దాకా సబ్బుతో తోముకుని చిన్నాయా వార్డులోకి వచ్చేసరికి, కిటికీ పక్క మంచం మీద పిండిమరమ్మ అప్పటికే లేచి కూర్చుని ఉంది. పాదాలు రెండూ పొంగిపోయి, వేలితో నొక్కితే గుంట పడి అలాగే ఉండిపోతున్నాయి. పక్కన బల్ల మీద ముట్టని రొట్టె, మీగడ కట్టిన పాలు. చిన్నాయా ఆమె వీపు వెనక దిండు సర్ది, వేడినీళ్లలో పిండిన గుడ్డతో మొహం, మెడ, చేతులు తుడిచింది. ముసలామె కళ్లు మూసుకుని, తల దువ్వించుకునే చిన్నపిల్లలా మెడ చాపింది.

ఆ ఆడవాళ్ల వార్డులో ఆయాలు ఇద్దరు. వయసులో పెద్దామె పెద్దాయా, ఈమె చిన్నాయా. అసలు పేర్లతో హాజరు వేసే గుమాస్తాకి తప్ప ఎవరికీ పని లేదు. పిండిమరమ్మ సంగతీ అంతే. పెళ్లయిన ఏడాది మొదలు పిండిమర పక్కనే నిలబడి బతికిన మనిషి. ఆ మోతకి ఎడమ చెవి పూర్తిగా పోయింది, కుడి చెవిలో కాస్త మిగిలింది. ఆవిడకి వినబడేలా చెప్పాలంటే అరవాలి, అరిస్తే నిద్రపోయే రోగులందరూ ఉలిక్కిపడి లేస్తారు. అందుకని చిన్నాయా, పారేయబోతున్న పాత ఎక్స్‌రే ఫిల్ము ఒకటి తీసుకుని గరాటులా చుట్టి, కట్లకు వేసే ప్లాస్టరుతో అంటించింది. సన్నని కొస ముసలామె చెవి దగ్గర పెట్టి, వెడల్పు మూతిలో మెల్లగా మాట్లాడితే చాలు. ఎవరివో పక్కటెముకలు ఆ గరాటు చుట్టూ తెల్లగా కనిపిస్తుంటాయి.

చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టుందని పెద్దాయా నవ్వేది. చిన్నాయా పట్టించుకునేది కాదు. పని కాస్త తెరిపి ఇచ్చినప్పుడల్లా ఆ గరాటులోనే తను చదువుకుంటున్న నర్సింగ్ పాఠాలు అప్పజెప్పేది. గుండెలోకి రక్తం ఎటునుంచి వస్తుంది, ఎటు పోతుంది, జ్వరం ఎందుకు తగులుతుంది. ముసలామె శ్రద్ధగా విని, "అయితే గుండె కూడా పిండిమరే అన్నమాట. ఇటు పోస్తే అటు వస్తుంది," అనేది.

"ఇవాళేగా నీ పరీక్ష?" అంది ఇప్పుడు. తనకి వినబడదు కాబట్టి లోకానికీ వినబడదని ఆవిడ నమ్మకం. వార్డంతా ఇటు తిరిగింది.

చిన్నాయా గరాటు అందుకుంది. "పరీక్ష కాదు అమ్మమ్మా, ఇంటర్వ్యూ. మధ్యాహ్నం."

"ఏమడిగారో వచ్చి నాకు చెప్పాలి. ఒక్కటీ మింగకూడదు."

"చెప్తాను."

ఆస్పత్రి వెనక గోడకి అవతలే నర్సింగ్ స్కూలు. నాలుగేళ్లుగా చిన్నాయా దుప్పట్లు ఆరేస్తూ ఆ గోడ మీదుగా చూస్తూనే ఉంది. అటువైపు అమ్మాయిలు పుస్తకాలు గుండెలకి హత్తుకుని నడుస్తుంటారు. దరఖాస్తు పెట్టడానికి ధైర్యం కూడగట్టుకునేసరికి వయసు అంచుకొచ్చేసింది. వచ్చే ఏడాదికి తీసుకోరు. ఇదే మొదలు, ఇదే ఆఖరు. సంచీలో ఇస్త్రీ బట్టలు మడత నలగకుండా పెట్టుకుని వచ్చింది.

పాలు వేడి చేసి తెస్తానని లేవబోతుంటే ముసలామె చెయ్యి పట్టుకుంది.

"నన్ను ఎప్పుడు పంపిస్తారంటావు? మర బెల్టు జారుతోందట. మావాడికి బిగించడం చేతకాదు. నేను దగ్గర నిలబడాలి."

చిన్నాయా చేతిలో గ్లాసు అలాగే ఉండిపోయింది. నిన్న సాయంత్రం డాక్టరు మంచం కాళ్ల దగ్గర నిలబడి చాలాసేపు మాట్లాడాడు. పక్కన నిలబడ్డ కొడుకు మొహం తిప్పుకుని కళ్లు తుడుచుకున్నాడు. ముసలామె మాత్రం చిరునవ్వుతో తలూపుతూనే ఉంది. చావు మాట చెప్పినా చలించలేదు, ఎంత గుండెదిటవు అని వార్డంతా ఆవిణ్ణి ఆకాశానికెత్తింది. దుప్పట్లు మోసుకుంటూ అటు పోతున్న చిన్నాయాకి ఒక్కటే కనిపించింది. గరాటు కిటికీ గట్టు మీద ఉంది. కొడుకు ఇంటికెళ్లేలోగా చెప్పుకుంటాడులే అనుకుంది. తల్లి వినేసిందని కొడుకు అనుకున్నాడు.

"డాక్టరుగారు నిన్న చెప్పారుగా అమ్మమ్మా? ఏం చెప్పారు?"

ముసలామె కిటికీలోకి చూసింది. "బాగానే చెప్పాడులే. మంచి పిల్లాడు."

ఆ మాట చిన్నాయాకి తెలుసు. దాని రుచి కూడా తెలుసు. కాలేజీలో చేరిన కొత్తలో నాన్న రోజూ అడిగేవాడు, పాఠాలు ఎలా చెబుతున్నారమ్మా అని. బాగానే చెబుతున్నారు నాన్నా, అనేది. బళ్లో అమ్మ మాట్లాడే భాషలో చదువుకున్న పిల్ల. కాలేజీలో అంతా ఇంగ్లీషు. లెక్చరరు బోర్డు నిండా రాసి, ఇటు తిరిగి అర్థమైందా అన్నట్టు చూస్తే, బెంచీలన్నీ తలూపేవి. వాళ్లతోపాటు ఈమె కూడా. అర్థం కాలేదని లేచి చెబితే నలుగురూ నవ్వుతారని భయం. తలూపితే ఆ గంట గడిచిపోతుంది. అలా గంటలు గడిచి, కొన్నాళ్లకి క్లాసులోకి వెళ్లడమే మానేసి, పుస్తకాలు ఒళ్లో పెట్టుకుని బస్టాపు నీడలో సాయంత్రం దాకా కూర్చునేది. మొదటి ఏడాది పరీక్షల్లో అన్నీ తప్పింది. అక్క మొగుడు గంగిరెద్దు అని పేరు పెట్టాడు. నాన్న ఒక్క మాట అనలేదు. ఆ తరవాత ఆయన ఎన్నాళ్లో బతకలేదు కూడా. ఆయన తిట్టి ఉంటే బాగుండునని చిన్నాయాకి ఇప్పటికీ అనిపిస్తుంది.

ఆయాగా చేరాకా ఆ గుణం వదల్లేదు. చేరిన వారంలోనే, ఆపరేషనుకి వెళ్లాల్సిన మనిషికి నీళ్లు పట్టించకు అని హెడ్ సిస్టర్ నడుస్తూ చెప్పింది. చిన్నాయా తలూపింది. మంచాల చక్రాల చప్పుడులో సగం మాటే వినబడింది, దాహం అని ఆ రోగి అడగ్గానే గ్లాసు నిండా నీళ్లు ఇచ్చేసింది. ఆపరేషను ఆగిపోయింది. ఉద్యోగం ఊడిందనే అనుకుంది. హెడ్ సిస్టర్ మాత్రం కూర్చోబెట్టి, "నేను ఏం చెప్పానో చెప్పు," అంది. చెప్పలేకపోయింది. "మరి ఎందుకు తలూపావు?" ఆ రోజు నుంచి ఆ వార్డులో ఎవరు ఏ పని చెప్పినా, విన్న మనిషి ఆ మాట పైకి తిరిగి చెప్పి గానీ కదలకూడదు. హెడ్ సిస్టర్ పెట్టిన రివాజు అది. తలూపుడు ఆ వార్డులో చెల్లదు.

చిన్నాయా పాలు పక్కన పెట్టి నేరుగా హెడ్ సిస్టర్ దగ్గరికి నడిచింది.

"సిస్టర్, పిండిమరమ్మగారికి నిన్న ఏమీ వినబడలేదు. ఇంటికెళ్లి బెల్టు బిగిస్తానంటున్నారు."

హెడ్ సిస్టర్ రాస్తున్న పెన్ను ఆపింది. "నువ్వు చెప్పకూడదు. నేనూ చెప్పకూడదు. డాక్టరే చెప్పాలి."

"నేను చెప్పకూడదు. డాక్టరుగారే చెప్పాలి," అని తిరిగి చెప్పి చిన్నాయా పనిలో పడింది.

రౌండ్స్‌కి వచ్చిన డాక్టరు మొదట ఒప్పుకోలేదు. చెప్పాను సిస్టర్, ఆవిడ తలూపారు కూడా అన్నాడు. తలూపారు, వినలేదు అంది హెడ్ సిస్టర్. కుర్ర డాక్టరు మొహంలో రంగు మారింది. బయట రోగులు బారులు తీరి ఉన్నారు, వాళ్లని చూసి తప్పకుండా వస్తానన్నాడు. రావడం వచ్చాడు. కానీ ఆ వచ్చింది చిన్నాయా బట్టలు మార్చుకుని బయల్దేరాల్సిన వేళకి.

"నువ్వెళ్లు. గరాటు నేను పట్టుకుంటాను," అంది హెడ్ సిస్టర్.

ఎవరు ఏమంటున్నారో తెలియకపోయినా, ముసలామె చిన్నాయా మణికట్టు వదల్లేదు. "ఈ పిల్ల పట్టుకుంటేనే నాకు తిన్నగా వినబడుతుంది," అంది. గోడ అవతల తన పేరు పిలుస్తుంటారని చిన్నాయాకి తెలుసు. కాళ్లు అటే లాగాయి. ఒక్క క్షణం తలుపు వైపు చూసి, గరాటు తీసుకుని కొసని చెవికి ఆనించింది.

డాక్టరు స్టూలు లాక్కుని గరాటు మూతి దగ్గర కూర్చున్నాడు. ఈసారి తొందరపడలేదు. మాట మాటకీ ఆగుతూ, సులువైన మాటలతో, దాచకుండా చెప్పాడు. ముసలామె మొహంలో చిరునవ్వు కాసేపు ఉండి, తరవాత లేదు. చెప్పడం అయ్యాక అలవాటు కొద్దీ ఆవిడ తల కిందికి వంగబోయింది.

చిన్నాయా గరాటులో నోరు పెట్టింది. "తలూపకు అమ్మమ్మా. ఏం విన్నావో చెప్పు."

ముసలామె ఒక్కో వేలూ మడుస్తూ మొదలుపెట్టింది.

"మందులు పని చెయ్యట్లేదు," అంది పిండిమరమ్మ. ఆ వార్డులో మొదటిసారి ఆవిడ గొంతు తగ్గించి మాట్లాడింది. "ఇంక కొత్త మందులు లేవు. నొప్పి రాకుండా మాత్రం చూస్తారు. ఎక్కువ రోజులు లేవు. అంతేగా బాబూ?"

"అంతేనమ్మా," అన్నాడు డాక్టరు.

ముసలామె అరచేతులు రెండూ ఒళ్లో పెట్టుకుని చూసుకుంది. పిండి ఇంకి తెల్లబడ్డ గీతలు ఎంత కడిగినా ఆ చేతుల్లోంచి పోలేదు. "పిండి కొద్దీ రొట్టె అన్నారు. నా పిండి అయిపోవచ్చింది," అంది. "మావాణ్ణి పిలిపించండి. బెల్టు సంగతి చెప్పాలి," అంది. అప్పుడు చిన్నాయా వైపు తిరిగింది. "నువ్వింకా ఇక్కడే ఉన్నావేం? పో. ఏమడిగారో వచ్చి చెప్పాలి."

ఇస్త్రీ బట్టలు సంచీలోనే ఉండిపోయాయి. ఫినాయిలు వాసనతో, తడిసిన యూనిఫాం అంచులతో చిన్నాయా గోడ చుట్టూ తిరిగి పరుగు లాంటి నడకతో వెళ్లింది. పేరు పిలవడం ఎప్పుడో అయిపోయింది. బతిమాలితే అందరికంటే ఆఖరున లోపలికి పంపారు.

బల్ల వెనక ముగ్గురు. మధ్యలో తెల్లజుట్టు ప్రిన్సిపాల్, పక్కన ఒక కుర్ర టీచరు, ఇంకోపక్క కళ్లజోడాయన. కళ్లజోడాయనే ఆమె పాత మార్కులు ముందు పెట్టుకుని అడిగాడు. "మొదటి ఏడాది ఒక్కటి కూడా పాసవలేదు. కారణం?"

దీనికి జవాబు అక్క మొగుడు ఎప్పుడో తయారుచేసి ఇచ్చాడు. నాన్నకి జబ్బు చేసిందని చెప్పు, పోయినాయన వచ్చి కాదంటాడా అని. రాత్రి దాన్నే నెమరువేసుకుంది. మాట నాలిక చివరిదాకా వచ్చింది. కానీ తన చావుని తన నోటితో తప్పులేకుండా ఒప్పజెప్పిన మనిషి దగ్గర్నుంచి లేచి వచ్చి, పోయిన నాన్న మీదికి అబద్ధం నెట్టడానికి నోరు రాలేదు.

"అర్థం కాలేదండి. అర్థం కాకపోయినా తలూపేదాన్ని," అంది. "కొన్నాళ్లకి క్లాసుకి వెళ్లడమే మానేశాను. ఇంట్లో మాత్రం బాగానే చెబుతున్నారని చెప్పేదాన్ని."

కళ్లజోడాయన పక్కవాళ్ల వైపు చూశాడు. "ఇక్కడ పాఠాలు అంతకంటే కష్టం. మళ్లీ అదే చేస్తే? క్లాసులో తలూపితే మార్కులే పోతాయి. వార్డులో తలూపితే?"

"మనిషి పోతాడండి," అంది చిన్నాయా. నీళ్ల గ్లాసు సంగతి కూడా చెప్పేసింది.

కుర్ర టీచరు ఇంగ్లీషులో ఏదో గబగబా అడిగింది. చిన్నాయా తల దానంతట అదే కదలబోయింది. ఆపుకుంది. "నాకు సగమే తెలిసిందండి. మళ్లీ చెప్పండి, నెమ్మదిగా." టీచరు మళ్లీ అడిగింది. చిన్నాయా ఆ ప్రశ్నని ముందు తన మాటల్లో తిరిగి చెప్పి, అదేనా అని అడిగి, తెలిసినంతవరకే జవాబు చెప్పింది. కళ్లజోడాయన కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు. ఆయనకి నచ్చిందో లేదో ఆ మొహంలో ఏమీ లేదు.

చాలాసేపు వాళ్లలో వాళ్లు మాట్లాడుకున్నారు. చివరికి ప్రిన్సిపాల్ తలెత్తి, "హాస్టల్లో మంచం ఇస్తాం. పరుపు మీరే తెచ్చుకోవాలి," అంది.

"మంచం మీరిస్తారు, పరుపు నేను తెచ్చుకోవాలి," అని అలవాటు కొద్దీ తిరిగి చెప్పేసి, చిన్నాయా ఆగిపోయింది. "అంటే సీటు ఇచ్చినట్టేనాండి?"

కళ్లజోడాయన కూడా నవ్వాడు.

తిరిగి వచ్చేటప్పుడు గోడ చుట్టూ ఎలా నడిచిందో తెలియదు. మెట్లెక్కుతూ, గరాటులో చెప్పాల్సినవన్నీ వరస పేర్చుకుంది. మొదట కళ్లజోడు, తరవాత ఇంగ్లీషు, ఆఖరున పరుపు. పరుపు దగ్గర ముసలామె పగలబడి నవ్వుతుంది.

వార్డు గుమ్మంలోనే పిండిమరమ్మ కొడుకు ఎదురయ్యాడు. చేతిలో తల్లి బట్టల సంచీ. చిన్నాయాని చూసి నిలబడిపోయాడు.

"నేను వచ్చాక చాలాసేపు మాట్లాడిందమ్మా," అన్నాడు. "ఆ గరాటు నాచేత పట్టించింది. బెల్టు ఎలా బిగించాలో నా చేతులు పట్టుకుని చూపించింది. అర్థమైందన్నాను. తలూపితే కాదు, నువ్వు చెప్పు అంది. రెండుసార్లు చెప్పించుకుంది. మా అమ్మా నేనూ అరుచుకోకుండా మాట్లాడుకుని ఎన్నేళ్లయిందో. తరవాత నిద్రొస్తోందని పడుకుంది." అతను సంచీని రెండు చేతులా పట్టుకున్నాడు. "నిద్రనే అనుకున్నాను."

చిన్నాయా దగ్గరికి వెళ్లింది. అతని భుజం మీద చెయ్యి వేసి, అతను వెళ్లేదాకా అలాగే నిలబడింది.

పెద్దాయా మంచం ఖాళీ చేస్తోంది. "నీ గురించే అడిగింది," అంది తల ఎత్తకుండా. "ఇంకా రాలేదా అని. సీటు వచ్చిందా?"

"వచ్చింది."

"మంచిది తల్లీ," అంది పెద్దాయా, కొంగుతో ముక్కు తుడుచుకుంటూ.

ఇన్నేళ్లకి చెప్పుకోదగ్గ మాట ఒకటి దొరికితే, చెప్పాల్సిన చెవి లేకుండా పోయింది. చిన్నాయా ఆ దుఃఖాన్ని దాచుకోలేదు. ఏడుస్తూనే బకెట్టు తెచ్చింది, ఫినాయిలు నీళ్లలో గుడ్డ ముంచి పరుపు మీది రెగ్జిను తలవైపు నుంచి కాళ్లవైపుకి తుడిచింది, మంచం ఇనప ఊచలు తుడిచింది, చలవ దుప్పటి పరిచి మూలలు బిగించి మడిచింది. రాత్రికి ఇంకొకరు వస్తారు. బల్ల మీద పాల గ్లాసు తీసి కడగడానికి పక్కన పెట్టింది.

గరాటు మాత్రం తీయలేదు. అది కిటికీ గట్టు మీద, వెడల్పు మూతి వార్డు వైపు తిరిగి పడి ఉంది. సాయంత్రపు ఎండకి ఎవరివో పక్కటెముకలు అందులో వెలుగుతున్నాయి, సన్నని కొస చుట్టూ ప్లాస్టరు ముసలామె చెవికి ఒరుసుకుని ఒరుసుకుని మెత్తబడి ఉంది.