పంపు ఆపాక మిగిలిన సద్దు

డెల్ఫ్ట్ ఊళ్లోని ఆ ప్రయోగశాల గదికంటే నిశ్శబ్దమైన చోటు భూమండలం మీద లేదు. కాదన్నవాడికి నా సైకిల్ రాసిచ్చేస్తాను.

అక్కడి విద్యార్థిని నీంకె డాక్టరేటు చదువంతా ఆ నిశ్శబ్దం మీదే నిలబడి ఉంది. తన చేతులతో చేసుకున్న గోరంత సిలికాన్ చిప్‌లో ఒక్క ఎలక్ట్రాన్‌ని పట్టి ఉంచి, దాని చేత లెక్కలు చేయించాలి. చుట్టుపక్కల విద్యుత్తు పిసరంత వణికినా ఆ ఎలక్ట్రాన్ చేస్తున్న లెక్క మరిచిపోతుంది. వారాల తరబడి మరిచిపోతూనే ఉంది.

శుక్రవారం మధ్యాహ్నం భోజనాల బల్ల దగ్గర, రొట్టె మీద చాక్లెట్ పలుకులు చల్లుకుంటూ, ఆమె గురువు వీబె తేల్చేశాడు. అక్కడ గురువునైనా పేరు పెట్టే పిలుస్తారు.

"చిప్పే చెడ్డది నీంకె. సాయంత్రం ఫ్రిజ్ వేడెక్కించి తీసెయ్. తర్వాత బస్తియాన్ చిప్ పెట్టాలి."

"చెడ్డదని నీకెవరు చెప్పారు వీబె? కలలోకొచ్చిందా?"

"కలలో కూడా తెర మీది నీ గీతే కనబడుతోంది తల్లీ, గజగజ వణుకుతూ."

తోటి విద్యార్థి బస్తియాన్ మజ్జిగ గ్లాసు దించాడు. "బాధపడకు. దాన్ని తాళాల గొలుసుకి తగిలించి నీకే బహుమతిగా ఇస్తాంలే."

నీంకెకు ఒళ్లు మండింది. చిప్ పోతే ఏడాది కష్టం పోయినట్టే. ఆ వణుకు బయటినుంచి వస్తోందని తేలితే మాత్రం చిప్ బతుకుతుంది.

వాళ్లు ఫ్రిజ్ అనేది పైకప్పు నుంచి వేలాడే పెద్ద పీపాని. అందులో వెన్న పెట్టుకునే వీలు లేదు గానీ, చుక్కల మధ్య ఉండే చలికంటే ఎక్కువ చలి ఉంటుంది. ఆ చలిని కాపాడే పంపు పగలూ రాత్రీ బుస్సు బుస్సుమంటుంది. పక్కనున్న మనిషితో కూడా అరిచి మాట్లాడాలి. నిశ్శబ్దం కావలసింది చిప్‌కి గానీ గదికి కాదు. సరే, నా సైకిల్ పట్టుకుపోండి.

భోజనం కాగానే ముగ్గురూ ఆ గదికి చేరారు. "పంపు ఆపుతున్నా" అని అరిచింది నీంకె.

"చలి ఎగిరిపోదూ!"

"కాసేపు నిలుస్తుంది. నువ్వు థర్మామీటర్ చూస్తూ ఉండు బస్తియాన్. నోటికి మాత్రం పని పెట్టకు."

పంపు ఆగింది. తెర మీద ముళ్లకంపలా ఉన్న గీత చాపలా చదునుగా పడుకుంది.

"నా చిప్ కాదు, ఆ కేబుల్!" అంది నీంకె. చిప్ నుంచి తెరకు కబురు తెచ్చే తీగ అది. లాగితే ఎక్కడ ఊడుతుందోనని దాన్ని వదులుగా వదిలింది తనే. పంపు కుదిపినప్పుడల్లా లోపలి తీగ తొడుగుకి రాసుకుని, పిల్లి వీపు నిమిరితే చిటపటమన్నట్టు, విద్యుత్తు పుట్టిస్తోంది.

అంతలో చదునుగా ఉన్న గీత మెట్టెక్కింది. కాసేపు ఆగి దిగింది. మళ్లీ ఎక్కింది.

"అది మాత్రం లోపలిదే!" అన్నాడు బస్తియాన్. "త్వరగా కానియ్, వేడెక్కుతోంది."

చిప్ పైపొరలో ఎక్కడో రెండు గుంటలున్నాయి. లెక్క చేసేది కాక, దారితప్పిన ఇంకో ఎలక్ట్రాన్ ఈ గుంటలోంచి ఆ గుంటలోకి గంతులేస్తోంది. ఎక్కడని వెతకడం? చిప్ ఎడమ కొస నుంచీ కుడి కొస నుంచీ వచ్చే రెండు గీతలూ నీంకె తెర మీద పక్కపక్కన పెట్టి చూసింది. గంతు వేసినప్పుడల్లా ఎడమది ఉలిక్కిపడుతోంది, కుడిది కదిలీ కదలనట్టుంది.

"ఎడమ కొసనే ఉంది దొంగ" అని, అటువైపు వోల్టేజీ వెంట్రుకవాసి తగ్గించింది. గంతులు ఆగిపోయాయి. ఆ దొంగ ఎలక్ట్రాన్ ఒకే గుంటలో బుద్ధిగా కూర్చుంది.

వీబె కళ్లు తెర మీదే ఉండిపోయాయి. దుమ్ముకణం కూడా పట్టనంత చోటులో, కంటికి ఎన్నడూ కనబడని దాన్ని, మందలోంచి తప్పిపోయిన మేకపిల్లని పట్టినట్టు పట్టేసింది ఈ పిల్ల!

"నేనైతే పారేసేవాణ్ణి" అన్నాడు. "బస్తియాన్, నీ చిప్ డబ్బాలోనే ఉంచు. ఈ ఫ్రిజ్ నీంకెది."

నీంకె బూటు లేసు ఊడదీసి, కేబుల్‌ని ఇనుప చట్రానికి బిగించి కట్టింది. పంపు మళ్లీ బుస్సుమంది. గీత కదల్లేదు. ఆ సాయంత్రం ఆమె ఎలక్ట్రాన్ మరిచిపోకుండా లెక్క చివరిదాకా అప్పజెప్పింది.

బూటు లేసు మాత్రం నా కల్పన. ఆమె కట్టింది మామూలు ప్లాస్టిక్ పట్టీతో. అంత ఘనకార్యానికి ప్లాస్టిక్ పట్టీ ఏం బాగుంటుంది చెప్పండి!