ఘాట్ రోడ్డెక్కిన డబ్బా

నేను ఒక డబ్బానని చెప్పగానే లోపల ఏముందని అడుగుతారు. నాకు వచ్చిన చిక్కంతా అక్కడే. పోపుల డబ్బాకీ పంచదార డబ్బాకీ ఉన్న మర్యాద నాకు లేదు. నాలోకి వచ్చేది నలుగురిలో చెప్పుకునేది కాదు. అయినా చెబుతాను, ఎందుకంటే ఆ పని వల్లే నాకు మంచి మనుషులు దొరికారు.

ఒక రేకుల షెడ్డులో పుట్టాను. స్టీలు రేకుని గుండ్రంగా కోసి యంత్రం కింద పెట్టి నొక్కారు, అంతే. పార్వతీపురంలో ఎవరో గృహప్రవేశం చేసుకుంటూ నాలాంటివాళ్ళని యాభైమందిని కొని, మా ఒంటి మీద చుక్కలు చుక్కలుగా తమ పేరూ తేదీ కొట్టించి, భోజనానికి వచ్చినవాళ్ళకి పంచిపెట్టారు. తమ పేరు పక్కవాళ్ళ వంటింట్లో ఉండాలని మనుషులకి మహా కోరిక. అలా సాలూరు సన్యాసమ్మ ఇంటికి చేరాను.

సన్యాసమ్మ భర్త తవిటినాయుడు బస్సు కండక్టరు. మొదటి వారం నాలో ఆయనకి అన్నం, పప్పు సర్ది పంపింది. ఆ వారంలోనే, సాలూరు దాటి ఘాట్ ఎక్కుతుంటే, ఒక బాలింత కడుపులో తిప్పి విలవిల్లాడింది. బస్సు ఆపే చోటు లేదు. ఆయన నాలోని అన్నం కాగితం మీద బోర్లించి నన్ను ఆమె ముందు పెట్టాడు. పెడితే పెట్టాడు, సాయంత్రం ఇంటికెళ్ళి ఉన్నదున్నట్టు చెప్పేశాడు. సన్యాసమ్మ నన్ను రెండు వేళ్ళతో పట్టుకుని వీధి అరుగు మీద పెట్టింది.

"ఒలమ్మో! ఇందులో మల్లీ అన్నమెట్టమంతావేటి? నీ బస్సుకే అట్టుకుపో!"

ఆ రోజు నుంచి ఇరవయ్యారేళ్ళు నేను ఆ బస్సులోనే ఉన్నాను. తవిటినాయుడికి ఎక్కినవాడి మొహం చూస్తే తెలిసిపోయేది, ఎవరికి ఏ మలుపులో తిరుగుతుందో. అలాంటివాళ్ళని వెనక కూర్చోనిచ్చేవాడు కాదు. జరీ పంచె కట్టిన ఆసామినైనా సరే ముందు సీట్లోంచి లేపి, కూలికి వెళ్ళే మనిషిని అక్కడ కూర్చోబెట్టేవాడు. "ముందుకి సూడమ్మా. రోడ్డెటు తిరుగుతాదో ముందే కనబడితే కడుపు తిరగదు" అనేవాడు. తను మాత్రం డ్రైవరు వెనకాల కడ్డీ పట్టుకుని నిలబడేవాడు. దిగేటప్పుడు జనం ఆయనకి దండం పెట్టేవారు. నాకెవరూ పెట్టలేదు గానీ, ఆ దండంలో నా వాటా ఎంతో నాకు తెలుసు.

ఆయన రిటైరయ్యాడు, నేను అటకెక్కాను.

ఇక హైమ సంగతి చెప్పాలి. ఆ ఇంటి చిన్నకోడలు. నెమ్మదైన పిల్ల, పని చేస్తున్నట్టే కనిపించదు, పనంతా అయిపోయి ఉంటుంది. ఆ ఇంట్లో ప్రతి వేసవికీ ఎక్కడికో ఒక చోటికి వెళ్ళే అలవాటుంది. ఊరు నిర్ణయించేది పెద్దకొడుకు ఈశ్వరరావు. ఎన్ని మలుపులుంటే అంత సరదా అతనికి. హైమకి బస్సు వాసన తగిలితే చాలు, ఊరి పొలిమేర దాటకముందే కడుపు తిప్పేస్తుంది. పెళ్ళైన కొత్తలో, మామగారు ఇంకా డ్యూటీలో ఉండి రాలేని రోజుల్లో, రెండుసార్లు వెళ్ళి, అందరి సరదా పాడుచేశానని ఏడ్చి, మూడోసారి నుంచి "మీరెళ్ళి రండి, నేను ఇల్లు చూసుకుంటాను" అనడం మొదలుపెట్టింది. ఎనిమిదేళ్ళు ఇల్లు చూసుకుంది. పాపం ఆ ఇల్లు ఎక్కడికీ పోలేదు. హైమకి ఇల్లు కదలడం ఇష్టముండదని మిగతావాళ్ళు హాయిగా నమ్మేశారు. మనుషులు తమకి వీలుగా ఉండేవాటిని ఇట్టే నమ్ముతారు.

ఆమె కూతురు లిఖితకి ఏడేళ్ళు. బడిలో అమ్మ గురించి రాయమంటే, 'మా అమ్మకి నాతో ఎక్కడికీ రావడం ఇష్టం ఉండదు' అని రాసింది. టీచరు దాని పక్కన టిక్కు పెట్టి పంపింది. ఆ నోటు పుస్తకం పట్టుకుని హైమ అటక కిందే చాలాసేపు నిలబడింది. తర్వాత స్టూలు వేసుకుని ఎక్కి దుప్పట్లు దించుతుంటే నేను కనబడ్డాను. నా చరిత్ర అత్తగారు ఎన్నోసార్లు చెప్పగా విన్నదే. నన్ను గట్టిగా తోమి, తన సంచిలో చీరల కింద దాచింది. ఆ వేసవి అరకు అనుకున్నారు. "నేనూ వస్తాను" అంది. మళ్ళీ ఓడిపోతే ఇక జన్మలో అడగకూడదని కూడా అనుకుంది. ఆ మాట నాతోనే అంది, నన్ను తుడుస్తూ.

బయల్దేరే రోజు సన్యాసమ్మ అందరికీ కడుపు నిండా పెట్టింది. పెరుగన్నం తిని గడప దాటితే శుభమట, హైమకి రెండోసారి కూడా వడ్డించింది. ఆడవాళ్ళందరికీ మూరెడేసి మల్లెపూలు. ముత్తైదువ పూలు వద్దంటే ఏం బాగుంటుందని హైమ తలలో పెట్టుకుంది. వ్యానులో ఎవరి చోటు వాళ్ళకి ఎప్పటి నుంచో ఖాయం. ముందు సీటు ఇంటిపెద్ద తవిటినాయుడిది. ఆయన అడగలేదు, కొడుకులు అక్కడే కూర్చోబెడతారు. చివరి సీటు చిన్నకోడలిది, ఒకపక్క బ్యాగులు, ఇంకోపక్క ఊరగాయ సీసాలు.

ఎస్.కోట దాకా హైమ ఎలాగో ఓర్చుకుంది, అది దాటాక ఘాట్ మొదలైంది. అద్దాలు బిగించిన వ్యాను, ఆ మల్లెల వాసన, ఆవకాయ వాసన. మూడో మలుపుకే నా అవసరం పడింది. లిఖిత చిన్న చేత్తో అమ్మ వీపు రాస్తోంది. భర్త రవణ మధ్య సీట్లోంచి ఒక నిమ్మకాయ అందించి తన బాధ్యత తీరిందనుకున్నాడు. మంచివాడే, అతనికి అంతకంటే తెలియదు.

వ్యాను ఆపించి ఈశ్వరరావు విసుక్కున్నాడు. "ఇందుకే రావద్దన్నాను. ఇంకా పైకి చాలా ఉంది. రవణా, కిందికెల్లే బస్సేదైనా ఆపి నువ్వూ ఆవిడా ఎల్లిపోండి. పిల్లని మేం తిప్పి తీసుకొస్తాం."

లిఖిత అమ్మ మొహంలోకి చూసింది. హైమ తల వంచుకుని, "సరే బావగారూ, దిగిపోతాను" అంది. దిగడానికి నన్ను పట్టుకుని లేచింది.

అప్పుడు తవిటినాయుడు వెనక్కి తిరిగి చూశాడు. ముందు నన్ను చూశాడు, తర్వాత కోడల్ని.

"ఆ డబ్బా నీకెక్కడిదమ్మా?"

"అటక మీద దొరికింది మావయ్యా."

"ఎన్నాల్లనుంచి నీకిలాగ?"

"పెళ్ళైన దగ్గర్నుంచీ."

ఆయన తలుపు తీసుకుని కిందికి దిగాడు. "ఇరవయ్యారేల్లు ఎవలెవల్నో లేపి ముందు కూకోబెట్టాను. సొంత కోడల్ని సామాన్ల మజ్జిన ఇరికించీసి నాను దర్జాగా ముందు కూకున్నాను. రా అమ్మా, ముందు కూకో."

హైమ బెదిరిపోయింది. సన్యాసమ్మ అంతకంటే బెదిరింది. "కోడలు ముందు కూకుని మావ ఎనకాల కూకుంతే సూసినోల్లేటనుకుంతారు?"

"ఎవలు సూస్తారే? డ్రైవరా? ఆడు రోడ్డు సూసుకోవాల" అన్నాడాయన. "ఆ పూలు తీసి సంచిలో ఎట్టమ్మా. అద్దాలు దించండర్రా."

హైమ ముందు సీట్లో కూర్చుంది, ఒళ్ళో లిఖిత. నేను చివరి సీట్లో ఆయన దగ్గర ఉండిపోయాను. రెండు మలుపులు గడిచాయి, ముందు నుంచి ఏ అలికిడీ లేదు. మూడో మలుపులో హైమ గొంతు వినిపించింది. "అదిగో, ఆ కొండ మీద రైలు! చూశావా?" అలా గలగలా మాట్లాడటం ఆ ఇంట్లో ఎవరూ విన్నట్టు లేదు. రవణ కూడా మెడ చాచి చూశాడు, రైలుని కాదు, భార్యని.

నాకెంత ఆనందమైందో చెప్పలేను. ఇక నాకు పని లేదనుకున్నాను.

పొరపాటు పడ్డాను. అయిదో మలుపులో తవిటినాయుడి చెయ్యి నా మీద బిగిసింది. ఆ చెయ్యి నాకు తెలుసు గానీ, ఆ పట్టు కొత్త. జీవితమంతా బస్సు ముందు భాగంలో నిలబడి తిరిగిన మనిషి, ఘాట్‌లో చివరి సీటెలా ఉంటుందో ఎరగడు. పైగా ఆయనకీ రెండుసార్లు పెరుగన్నం పడింది. ఎవరూ చూడటం లేదని చూసుకుని, తువ్వాలు తల మీంచి కప్పుకుని, నన్ను మొహం దగ్గరికి తీసుకున్నాడు. చిన్న శబ్దం కూడా బయటికి రానివ్వలేదు.

"మావయ్యా, వెనకాల బాగానే ఉందా?" ముందు నుంచి హైమ అడిగింది.

"బెమ్మాండంగా ఉంది" అన్నాడు తువ్వాలు లోంచి. "నువ్వు ఎనక్కి తిరక్కు. ముందుకే సూడు."

పైన వ్యాను ఆగగానే ఆయన నన్ను పట్టుకుని టీ దుకాణం వెనక కుళాయి దగ్గరికి వెళ్ళాడు. హైమ పరిగెత్తుకొచ్చింది. "ఇటివ్వండి మావయ్యా, మీరు కడగడమేమిటి!" ఆయన ఇవ్వలేదు. "ఇది నా డూటీయమ్మా. నువ్వెల్లి పిల్లకి కొండలు సూపించు" అన్నాడు. తను కక్కుకున్నది మామగారు కడుగుతున్నాడని ఆమె కళ్ళనీళ్ళు పెట్టుకుంది. సగం నిజమే కదా. మిగతా సగం ఆయన చెప్పలేదు. మొహం కడుక్కుని వక్కపొడి నోట్లో వేసుకున్నాడు. అటు లోయ అంచున లిఖిత అమ్మ చెయ్యి పట్టుకుని గంతులేస్తోంది. ఆయనా నేనూ కుళాయి దగ్గరే ఉండి చూశాం. ఎంతోమంది కడుపులు తేలికపడటం చూశాను గానీ, ఒక మనసు అంతగా తేలికపడటం చూడటం అదే మొదలు. అందుకు ఆ కొండకీ, కోడలికీ, ఆ ముసలాయనకీ నేను ఋణపడి ఉన్నాను.

ఇప్పుడు నేను వరండాలో మేకుకి వేలాడుతున్నాను. మళ్ళీ వేసవి వచ్చింది. ఈశ్వరరావు ఊటీ అన్నాడు. తవిటినాయుడు ఒప్పుకోలేదు. "ఘాట్ లేని ఊరైతేనే, అదీ రైల్లోనే. సినకోడలికి పడదు" అన్నాడు. ఆయనకి కోడలంటే ఎంత అభిమానమో అని అందరూ మెచ్చుకున్నారు.

హైమ నొచ్చుకుంది. "నా కోసం అందరూ సర్దుకోవడమెందుకు మావయ్యా? నేను ముందు సీట్లో కూర్చుంటాగా. మీకు బస్సంటే ఇష్టం కూడాను."

"నాకేటమ్మా, నాను కండక్టర్ని. ఎందులోనైనా ఎల్తాను. నీ గురించే" అన్నాడాయన.

అని, ఒక్కసారి నా వంక చూశాడు. ఇరవయ్యారేళ్ళు ఒకే బస్సులో తిరిగినవాళ్ళం. నేను పలకలేదు.