పిడుగు పెట్టిన పేరు

మా అబ్బాయికి నాలుగు భాషలు వచ్చు. కన్నకూతురి భాష ఒక్కటే రాదు. రాదు అనడం కూడా తప్పు, అక్కర్లేదు అనాలి. అది తలుచుకుంటే ఇప్పటికీ నాకు అరికాలి మంట నెత్తికెక్కుతుంది.

నా మనవరాలికి ఏడేళ్లు. పుట్టినప్పటినుంచీ చెవులు వినపడవు. ఇంట్లో అందరం పిడుగు అంటాం. పిలిస్తే వినపడదు కాబట్టి ఆ పేరు మా నోళ్లకే తప్ప దానికి పనికొచ్చేది కాదు. ఈ ఏడాదే వినపడని పిల్లల బడిలో వేశాం. చేరిన కొద్దిరోజులకే దాని చేతులకు మాటలొచ్చేశాయి. బడినుంచి వచ్చి కాళ్లయినా కడుక్కోకుండా నా ఎదురుగా నిలబడి పది వేళ్లతో ఏదేదో చెప్పేది. నాకు ఒక్క ముక్క అర్థమయ్యేది కాదు. మళ్లీ చెప్పేది, ఇంకా నిదానంగా, మందబుద్ధికి చెప్పినట్టు. చివరికి విసిగిపోయి, చేతులు గౌనుకు తుడుచుకుని వెళ్లిపోయేది. సొంత ఇంట్లో ఆ పిల్లకు మాట్లాడడానికి మనిషి లేడు.

అలాంటి సమయంలో బడి టీచరు రాత్రిబడి పుస్తకం పంపింది. పనులు చేసుకునే పెద్దవాళ్లకోసం సాయంత్రాలు నడిపే కోర్సులన్నీ అందులో ఉన్నాయి. వైరింగు, టైలరింగు, అకౌంట్లు, కంప్యూటరు. సైగల భాష దగ్గర టీచరు ఎర్ర సిరాతో గీత గీసింది. ఆ పుస్తకం భోజనాల బల్ల మీద అబ్బాయి ముందు పెట్టాను.

వాడు నీళ్ల పంపులు అమ్మే కంపెనీలో సేల్స్ మేనేజరు. తింటూనే ఎడమచేత్తో పేజీలు తిప్పాడు. ఎర్ర గీత దాటిపోయి ఇంకోచోట ఆగాడు.

"ఇదమ్మా నాకు కావాల్సింది. సభల్లో మాట్లాడడం ఎలా? మంగళవారం, గురువారం. ఇది చేస్తే ప్రమోషన్ ఖాయం."

"సైగల భాష కూడా ఆ రోజుల్లోనేరా."

"అయితే కుదరదుగా. అయినా చేతులాడించడం అలవాటైతే దానికి ఇక నోటిమాట రాదమ్మా. నలుగురిలో అలా ఊపుతుంటే ఏం బాగుంటుంది చెప్పు? పెదాలు చూసి అర్థం చేసుకోవడం నేర్చుకుంటుందిలే. నేను నిదానంగానే మాట్లాడతాగా. నోరు మంచిదైతే ఊరు మంచిదన్నారు."

"ఊరి సంగతి తర్వాత, ముందు ఇంట్లోదాని సంగతి చూడరా!" అని ఒంటికాలి మీద లేచాను. చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టుంది అనే సామెత నాలుక చివరిదాకా వచ్చింది. పక్కనే పిడుగు కూర్చుని మా ఇద్దరి మొహాలూ మార్చి మార్చి చూస్తోంది. కోపం వినపడకపోయినా కనపడుతుంది కదా. సామెత మింగేశాను. అయినా ఆ బల్ల దగ్గర చెవిటివాళ్లెవరో నాకు బాగానే తెలుసు.

కోడలు ఆస్పత్రిలో నర్సు. ఆమెకు సాయంత్రం డ్యూటీలు. "మీరు వెళ్లండి అత్తయ్యా. నేర్చుకున్నది నేర్చుకున్నట్టు నాకు చెబుదురుగాని" అంది.

శనివారం చేరడానికి ఆఖరిరోజు. రాత్రిబడి హాల్లో కోర్సుకో వరుస. నేను బతుకంతా బస్సు కండక్టరుగా చేసి రిటైరయ్యాను. జనమంటే నాకు బెదురు లేదు, మోచెయ్యి ఎక్కడ పెట్టాలో తెలుసు. కౌంటర్లో గుమస్తా నా నెరిసిన జుట్టు చూసి "అల్లికల క్లాసు ఆ చివర పెద్దమ్మా" అన్నాడు.

"స్వెట్టర్లు ఎవరిక్కావాలి నాయనా? నాకు సైగల భాష కావాలి. మనవరాలికోసం."

"ముందు తల్లిదండ్రులకు ఇస్తాం. ఉన్నది ఒక్క సీటు. తల్లో తండ్రో సంతకం పెడితేనే."

"తల్లి డ్యూటీలో ఉంది."

"మరి తండ్రి?"

తండ్రి అక్కడే ఉన్నాడు. మూడు వరుసల అవతల, ఇస్త్రీ చొక్కాలో, సభల్లో మాట్లాడేవాళ్ల వరుసలో నిలబడి ముందున్నాయనతో నవ్వుతూ కబుర్లు చెబుతున్నాడు. నన్ను చూసి కూడా చూడనట్టు అటు తిరిగాడు. నా ఒళ్లు మండిపోయింది. కిక్కిరిసిన బస్సులో వెనక సీటువాడికి కూడా వినపడే గొంతు నాది. రిటైరైనా తుప్పు పట్టలేదు.

"ఒరేయ్! నీ కూతురు నీ ఇంట్లో మాట్లాడే దిక్కులేక చస్తోంది! వచ్చి ఒక్క సంతకం గీకుతావా, నీ ఘనత ఈ సభకు నన్నే చెప్పమంటావా?"

హాలంతా అటు తిరిగింది. వాడి మొహం కందగడ్డలా అయింది. వచ్చి, తన పేరు రాసి సంతకం పెట్టాడు.

"పరువు తీశావు కదమ్మా. సీటు నా పేరు మీద తీసుకున్నా. నా బదులు నువ్వెళ్లి కూర్చో" అని పళ్లు కొరుక్కుంటూ తన వరుసలోకి పోయాడు. ఇంటికొకరు వస్తే చాలన్నాడు గుమస్తా. అలా కొడుకు పేరు మీద నేను బడిలో చేరాను.

రెండు క్లాసులూ పక్కపక్క గదుల్లోనే. మా గురువుగారికీ వినపడదు. మాలో ఎవరైనా నోరు విప్పితే పెదాలు చూసి పట్టేసి బల్ల మీద చరిచేవారు. మా గది అంత నిశ్శబ్దంగా ఉండేది కాబట్టి పక్క గదిలో ప్రతి మాటా గోడ దాటి వచ్చేది. "సభకు నమస్కారం! మనసు విప్పి మాట్లాడుకోవడమే మానవ సంబంధాలకు పునాది!" అని మావాడి గొంతు. ఆ వెనక చప్పట్లు. గోడకు ఇవతల నేను కీళ్లనొప్పుల వేళ్లతో 'ఆకలి', 'భయం', 'కల' నేర్చుకునేదాన్ని. ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు పెద్దలు. వీడు ఇంటిని నాకు అప్పగించి రచ్చకు బయల్దేరాడు. ఆ కోపంలో నా వేళ్లు తప్పుగా తిరిగేవి. గురువుగారు ఓపిగ్గా సరిచేసేవారు.

నేర్చుకున్నకొద్దీ కోపం పెరిగింది తప్ప తగ్గలేదు. ఎందుకంటే పిడుగు చెప్పేవి అర్థం కాసాగాయి. బడిలో ఎవరి రబ్బరు ఎవరు దాచారో, కుక్కలంటే తనకెందుకు భయమో, నక్షత్రాలు చప్పుడు చేస్తాయా అనీ. ఇన్నాళ్లూ ఇవన్నీ ఆ చిన్న బుర్రలోనే మూలుగుతూ పడి ఉన్నాయి. పొద్దున్నే వంటింట్లో నేను కోడలికి సైగలు చెబుతుంటే వాడు టై కట్టుకుంటూ వచ్చి "ఏంటి, అందరూ మూగనోము పట్టారా?" అని నవ్వాడు.

"నోరున్నవాడివి నువ్వొక్కడివి ఉన్నావుగా, చాల్లే" అన్నాను.

పిడుగు తనతో ఏదైనా చెప్పబోతే నావైపు తిరిగి "ఏమంటోందమ్మా?" అనేవాడు. నేను చెబితే "ఓహో" అని ఫోను చూసుకునేవాడు. తండ్రికీ కూతురికీ మధ్య నేను మళ్లీ కండక్టరునయ్యాను.

ఒక గురువారం గురువుగారు పిల్లల్ని కూడా తీసుకురమ్మన్నారు. వినపడనివాళ్లలో ఒక పద్ధతి ఉంది. నోటితో పిలిచే పేర్లతో వాళ్లకు పని లేదు కాబట్టి ప్రతి మనిషికీ ఒక సైగను పేరుగా పెడతారు. ఆ మనిషిలో ఏది కొట్టొచ్చినట్టు కనపడితే అదే పేరు. ఇంట్లోవాళ్లకు పిల్లలే పేర్లు పెట్టాలన్నారాయన.

పిడుగు ఎగిరి గంతేసి ముందుకెళ్లింది. నన్ను చూపించి బొటనవేలూ చూపుడువేలూ టక్కున నొక్కింది. టికెట్లకు చిల్లు పెట్టే నా పాత పంచ్ దాని ఆటబొమ్మ. మా ఇంట్లో చిల్లు లేని కాగితం లేదు. నాకు నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి. తల్లికి పేరుగా అరచేయి చెంపకు ఆనించుకుంది. కోడలు డ్యూటీకి వెళ్లేముందు రోజూ దాన్ని అలా తాకి వెళుతుంది.

"నాన్న?" అని సైగతో అడిగారు గురువుగారు.

అది క్షణమైనా ఆలోచించలేదు. నోటి ముందు చెయ్యి పెట్టి నాలుగు వేళ్లనూ బొటనవేలికి కలిపి విడదీసింది, కలిపి విడదీసింది. ఆడుతూ ఉండే పెదాలు. అంతే. అందులో కోపం లేదు, వెక్కిరింత లేదు. కుర్చీని కుర్చీ అన్నట్టు చెప్పింది. అప్పుడే పక్క గదిలో చప్పట్లు మోగాయి.

క్లాసులయ్యాక వరండాలో వాడు ఎదురొచ్చాడు. మొహం వెలిగిపోతోంది. "అమ్మా, ఇవాళ అందరికంటే నేనే బాగా మాట్లాడానన్నారు!" పిడుగు పరిగెత్తుకెళ్లి వాడి ఎదురుగా నిలబడి ఆ సైగ చేసింది. అది తండ్రిని పేరు పెట్టి పిలవడం అదే మొదటిసారి.

"ఏమంటోంది?"

"నీకు పేరు పెట్టింది."

"అవునా? ఉపన్యాసాలిచ్చేవాడననా?" వాడు మురిసిపోయి తనూ అలా చేసి చూసుకున్నాడు.

"నీ ఉపన్యాసాల సంగతి దానికేం తెలుసురా? దానికి నువ్వంటే ఆడే పెదాలు. పొద్దున్నే మొదలై రోజంతా ఆడుతూనే ఉంటాయి, దానికి ఒక్కటీ చెప్పవు. ఏడేళ్లలో దానికి నీలో కనపడింది అదొక్కటే."

వాడి చెయ్యి నోటి ముందే ఆగిపోయింది. ఏదో అనబోయి, ఆపుకుని నోరు మూశాడు. వాడు మాట లేకుండా నిలబడడం నేనెప్పుడూ చూడలేదు. పిడుగు కూడా చూడలేదు. కదలని ఆ పెదాలను కాసేపు చూసి, కంగారుగా నావైపు తిరిగి వేళ్లతో అడిగింది, నాన్నకు ఒంట్లో బాలేదా అని.

"ఏమందమ్మా?" అన్నాడు వాడు.

నేను చెప్పలేదు. నా కండక్టరు ఉద్యోగం ఆ పూటతో సరి అనుకున్నాను.

"ఆ గదిలో సీటు నీ పేరు మీదే ఉంది. వచ్చి కూర్చుని తెలుసుకో" అని పిడుగు చెయ్యి పట్టుకుని మెట్లు దిగాను.