రెండూ ఒకటే

అల్లుడికి స్పీకర్ల పిచ్చి. తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్ళనే రకం. మామూలు స్పీకర్లలో శబ్దాన్ని విడదీసే కాయిల్స్ పెట్టె లోపలే ఉంటాయి. అతను వాటిని పీకి పారేశాడు. లావు శబ్దాన్ని పెద్ద కోనుకూ సన్న శబ్దాన్ని చిన్న ట్వీటరుకూ ముందే పంచిపెట్టే డిజిటల్ ప్రాసెసర్ తెచ్చి, ఒక్కోదానికి ఒక్కో యాంప్లిఫయర్ తగిలించాడు. మైకు పెట్టి గదిలో శబ్దం ఎక్కడ ఎక్కువో ఎక్కడ తక్కువో కొలిచి, ఆ హెచ్చుతగ్గులను ల్యాప్‌టాప్‌లో సవరించాడు. చెక్క పెట్టెలు మాత్రం వడ్రంగి అయిన మామగారు చేసిపెట్టారు. ప్రతి పలకనూ వేలి కణుపుతో తట్టి, విని, నచ్చితేనే రంపం పట్టే మనిషి ఆయన.

ఆదివారం మధ్యాహ్నం ఆఫీసు స్నేహితులు ఎనిమిదిమందిని కూర్చోబెట్టి, సీడీ పెట్టాడు. ల్యాప్‌టాప్‌లో ఒక బటన్ నొక్కి "ఇది సవరించకముందు" అన్నాడు. ఇంకోటి నొక్కి "ఇది సవరించాక" అన్నాడు. తెరమీద వంకరగీత చదునైంది.

"అబ్బ, పొర తీసేసినట్టుంది!" అన్నాడు ఒకాయన. మిగతావాళ్ళంతా తానా అంటే తందానా.

తలుపు దగ్గర నిలబడ్డ మామగారు మెల్లగా అన్నారు. "నాకు రెండూ ఒకేలా ఉన్నాయండీ."

"నలభై ఏళ్ళు రంపం మోతలో నానిన చెవులు కదా మామయ్యా, ఎప్పుడో పోయుంటాయి. వినే పని మాకొదిలేయండి."

గది గొల్లుమంది. ఆయన కూడా నవ్వారు. నవ్వి, ఒకసారి చెవి తడుముకున్నారు.

మర్నాడు పొద్దున ల్యాప్‌టాప్ తెరిస్తే "కనెక్షన్ లేదు, ఆదివారం ఉదయం నుంచి" అని కనిపించింది. కుర్చీలు సర్దేటప్పుడే ల్యాప్‌టాప్ నుంచి ప్రాసెసర్‌కు వెళ్ళే వైరు ఊడి సోఫా వెనక పడింది. తెరమీద గీతలు మారాయి గానీ ప్రాసెసర్‌కు ఒక్క ముక్కా చేరలేదు. అందరూ ఒకే శబ్దాన్ని మళ్ళీ మళ్ళీ విన్నారు. తేడా విన్నవాళ్ళలో మొదటివాడు తనే. సిగ్గుతో మొహం కాలిపోయింది. అయినా వైరు గుచ్చేసి గుట్టుగా ఊరుకుందామనే అనుకున్నాడు, సిగ్గులేకుండా.

అప్పుడే భార్య చెప్పింది. "నాన్న చెవుల డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళమంటున్నారు. ఇక పని మానేస్తారట."

పరుగున వర్క్‌షాపుకు వెళ్ళాడు. మామగారు ఒక పలకను తడుతున్నారు.

"మంచి సమయానికి వచ్చారు అల్లుడుగారూ. ఇది గట్టిగా ఉందా, లోపల బోలుగా ఉందా? నా చెవుల మీద నాకు నమ్మకం పోయింది. మీరు విని చెప్పండి."

ఆ మాట జీవితంలో ఎవరినీ అడగని మనిషి. అల్లుడికి తల కొట్టేసినట్టయింది.

"మీ చెవులకేం కాలేదు మామయ్యా. వైరు ఊడిపోయింది. నిజంగానే రెండూ ఒకటే. మీరొక్కరే సరిగ్గా విన్నారు. తప్పైపోయింది, క్షమించండి."

ఆయన పలకను కింద పెట్టారు. "అన్నదేమో పదిమందిలో. ఇదేమో నా ఒక్కడికా?"

మళ్ళీ ఆదివారం అవే కుర్చీలు, ఆ ఎనిమిదిమందే. మధ్య కుర్చీలో మామగారు. అల్లుడు వైరు చేత్తో పట్టుకుని నిలబడ్డాడు. జరిగిందంతా ఒక్క మాట దాచకుండా చెప్పాడు. ఎవరూ నవ్వలేదు. పొర తీసేసినట్టుందన్నాయన నేల చూపులు చూశాడు.

"సరే, ఇప్పుడు వైరు పెట్టి వినిపించండి" అన్నారు మామగారు.

పెట్టాడు. సవరించకముందొకటి, సవరించాక ఒకటి. అందరూ ఆయన మొహంకేసే చూస్తున్నారు.

"ఇప్పుడు తేడా ఉంది" అన్నారాయన. "సవరించకముందే బాగుంది."

అల్లుడు తల వంచుకుని మళ్ళీ విన్నాడు. అతనికీ అలాగే వినిపించింది.