రెండు మూరల గొలుసు

నీటి మీద ఒక సొరబుర్ర.

ఎండిన బుర్ర. పాత ఎముక రంగు. మెడకు జనుప తాడు. తాడు కిందికి, ఆకుపచ్చటి చీకట్లోకి దిగిపోయి ఉంటుంది. అల వస్తే తల ఊపుతుంది. అల పోతే ఊరుకుంటుంది.

అది తేలుతున్నదంటే, దాని కింద పడవ నిద్రపోతున్నట్టు.

పడవ నడిపే గట్టయ్యకు తండ్రి అట్లాగే నేర్పాడు. పెద్ద గాలి వస్తుందని తెలిస్తే పడవను బిగించి కట్టొద్దు. ముంచెయ్యాలి. తెడ్లు తీసి ఇంట్లో పెట్టాలి. పడవను గాలి తగలని మూలకు, నడుం లోతు నీళ్లలోకి తోయాలి. కడుపు నిండా రాళ్లు నింపాలి. నీళ్లు లోపలికి వస్తుంటే చూస్తూ ఊరుకోవాలి... అది బుడబుడమని చివరి ఊపిరి వదిలి, మెల్లగా కూర్చుంటుంది. గాలికి కనబడని దాన్ని గాలి ఎట్లా కొడుతుంది? ఐదు బారల తాడు. తాడు చివర సొరబుర్ర. నీళ్లు ఎంత పెరిగితే బుర్ర అంత పైకి వస్తుంది. గాలి పోయాక బుర్ర పక్కన మునిగి, రాళ్లు ఒక్కొక్కటే తీసి పారేస్తే పడవ తనే లేస్తుంది.

తండ్రి బతికినన్నాళ్లూ అట్లాగే చేశాడు. తర్వాత గట్టయ్య అట్లాగే చేశాడు.

ఒక్క పలక పోలేదు.

ఒక్క పలక పోలేదు — ఈ మాట ఎవరికి చెప్పుకోవాలి?

వర్ధన్నపేట దాటి, బస్సు దిగి గంట నడిస్తే ఆ చెరువు. ఇవతల కట్ట, తూము, ఊరు. అవతల ఏడే ఏడిండ్లు. ఎండాకాలం చెరువు అడుగు మీదుగా నడిచి వస్తారు. వానలు పడ్డాక పడవే దారి. బియ్యానికి పడవ, దవాఖానకు పడవ, పెండ్లి పిలుపుకు పడవ. ఆ ఏడిండ్లలో ఒకటి గట్టయ్య చెల్లెలు సమ్మమ్మది. మొగుడు పోయి చాలా కాలమైంది, పిల్లలు లేరు. ఇంటి కప్పు నిండా సొరతీగ. కాయలను ముదరనిచ్చి, ఎండబెట్టి, లోపలి గింజలు దులిపి, బుర్రలు చేసేది. వాడ పిల్లలు వాటిని వీపుకు కట్టుకుని ఈత నేర్చుకునేవాళ్లు. మంచిది ఒకటి ఏరి అన్నకు ఇచ్చేది.

"కట్టు, నీ పడవకు కట్టు. మా వదినెకు ఎన్నడన్న గిన్ని సోకులు జేసినవా అన్నా?"

"మీ వదినె మునుగదు గదనే. ఒర్రుతది."

సమ్మమ్మ నవ్వు నీళ్ల మీద నడిచి అవతలి గట్టు దాకా పోయేది.

పాత పడవ చివికిపోతే నీటిపారుదల ఆఫీసు కొత్తది ఇచ్చింది. ఎర్ర రంగు. పక్కన తెల్లటి అంకెలు. రెండో తరగతిలో పలక పగిలిన రోజే బడి మానేసిన గట్టయ్యకు ఆ అంకెలు ఎద్దు మీది వాతల్లా కనబడేవి.

అది సర్కారు పడవ. కానీ నీళ్లకు అది తెలుసా?

డెబ్బై ఏడులో సముద్రం దివిసీమ మీద పడింది. కట్ట మీద మీరా సాహెబ్ చాయ్ హోటల్లో రేడియో చుట్టూ జనం చెవులప్పగించి విన్నారు. ఆ పూట గట్టయ్య అన్నం ముట్టలేదు.

ఆ తర్వాత ఆఫీసుకు భయం పుట్టింది. ఆ భయాన్ని కాగితం మీద రాశారు. కాగితం సముద్రం ఒడ్డున బయలుదేరి, బల్లలు మారి, ముద్రలు గుద్దించుకుని, కొన్నేళ్లకు ఈ కట్ట ఎక్కింది.

మీరా సాహెబ్ చదివి వినిపించాడు. తుఫాను హెచ్చరిక అందిన వెంటనే పడవను ఇనుప గొలుసుతో, కురచగా, కదలకుండా బంధించి తాళము వేయవలెను.

"గట్టన్నా, సముద్రం మన చెరువుకు ఉత్తరం రాసింది. జర జవాబియ్యి."

"నాకు సదువు రాదని సముద్రానికి ఎరుక లేదా సాబ్?"

నవ్వుకున్నారు.

అప్పుడు నవ్వుకున్నారు.

ఎనభైలు మొదలై మూడేళ్లో నాలుగేళ్లో. బతుకమ్మలు నీళ్లలో కలిసి వారం కాలేదు. గునుగు పూలు ఇంకా ఒడ్డున కుళ్లుతున్నాయి. చెరువు అప్పటికే నిండుగా ఉంది. రేడియో చెప్పింది — వాయుగుండం.

గురువారం. గట్టయ్య కట్ట కింది నుంచి రాళ్లు మోస్తున్నాడు. పడవలో సగం దాకా నిండాయి. సమ్మమ్మ ఇచ్చిన బుర్ర అతని మెడలో వేలాడుతోంది.

జీపు వచ్చింది. ఓవర్సీర్ రాజేశ్వర్ రావు దిగాడు. చెప్పులకు బురద అంటకుండా కట్ట మీదే నిలబడ్డాడు.

"ఏందిరా అది? సర్కారు పడవను ముంచుతున్నవా? నీ అయ్య జాగీరా?"

"దాస్తాన సారూ. మునిగితెనే బతుకుతది."

"మునిగితే బతుకుడేందిరా? పొద్దుగాల్నే తాగినవా?"

గట్టయ్య చెప్పాడు. తన బతుకులో అంత పొడుగు మాట అతను మాట్లాడలేదు.

"చెరువు నీళ్లు గాలితోని రావు సారూ. గాలి పోయినంక వత్తయ్. పై చెరువు నిండి మత్తడి దుంకితే గదంత మన నెత్తి మీదికే. గొలుసు కురచగుంటే పడవ ముక్కు నీళ్లలకు గుంజుకపోతది. ఉంటే పొడుగు తాడుండాలె. లేకుంటే ముంచాలె. సముద్రం కత వేరు, చెరువు కత వేరు."

"ఈ కాగితం రాసినోళ్లకు తెల్వదు, నీకు తెలుసు!"

తెలుసు. అవును, తెలుసు. గట్టయ్య నోట్లో ఆ మాట ఉంది. నోట్లోనే ఉండిపోయింది. సర్కారు ముందు బీదవాడి మాట ఎప్పుడూ నోట్లోనే ముసలిదవుతుంది.

రాళ్లు తీయించారు. మోసిన చేతులతోనే పారేయించారు. జీపులోంచి గొలుసు వచ్చింది. రెండు మూరలు. ఒక కొస పడవ ముక్కుకున్న ఇనుప కడేనికి. ఒక కొస తూము దగ్గరి రాతి స్తంభానికి. మధ్యలో పిడికిలంత తాళం. తాళంచెయ్యి రాజేశ్వర్ రావు చొక్కా జేబులోకి పోయింది. గట్టయ్య బొటనవేలు కాగితం మీదికి పోయింది — సూచనలు తెలుసుకొన్నాను.

జీపు హన్మకొండకు పోయింది.

ఆ సాయంత్రం వడ్ల వెంకటయ్య వచ్చాడు. ఊళ్లో ఉన్న ఒక్క వడ్రంగి.

"బావా, రంపం తెస్తా. కడెం కాడికి ముక్కు కోద్దాం. అతుకు నేనేస్తగ."

గట్టయ్య తాళాన్ని చూశాడు. తాళం మీద ముద్ర ఉంది.

"వద్దు తియ్యి. సర్కారుది."

వద్దు తియ్యి. ఆ రెండు మాటలు... ఇప్పటికీ అన్నం ముద్దలో రాయిలా పంటికి తగులుతాయి.

శుక్రవారం గాలి.

గాలి కాదు. వెయ్యి బండ్ల ఎద్దులు ఒక్కసారి పలుపులు తెంచుకున్నట్టు. తాటిచెట్లు వంగి నేలను ఊడ్చాయి. మీరా సాహెబ్ హోటల్ రేకులు ఎనుమాముల దిక్కు ఎగిరిపోయాయి. చేపలు పట్టే తెప్పలు దేనికది విడిపోయి పత్తా లేకుండా పోయాయి. ఎర్ర పడవ మాత్రం గొలుసు బిగువున గింజుకుంటూ ఉన్నచోటే ఉంది.

కాగితం గెలిచింది. సాయంత్రానికి గాలి పోయింది. తుఫాను తీరం దాటి, బలహీనపడి, అంతరించిపోయిందని రేడియో చెప్పింది.

శనివారం ఎండ. కడిగిన ఎండ.

ఎండలోనే వచ్చాయి నీళ్లు.

పై చెరువుకు గండి పడింది. ఎర్రటి నీళ్లు. చప్పుడు లేని నీళ్లు. చూస్తుండగా తూము దగ్గరి మెట్టు మునిగింది. ఇంకో మెట్టు మునిగింది. రాతి స్తంభం మునిగింది. పడవ వెనక భాగం లేస్తోంది, ముక్కు దిగుతోంది — నీళ్లు తాగుతున్న గొడ్డులా. నీళ్లు అంచు దాటి లోపలికి దూకాయి. పడవ నిండిపోయింది. ముక్కు నీళ్ల కింద, తోక నీళ్ల మీద.

తను చెప్పినట్టే. అచ్చం తను చెప్పినట్టే.

అంత సరిగ్గా చెప్పగలగడం ఎంత శిక్షో మీకు తెలుసా?

అవతల ఏడిండ్ల మట్టి గోడలు ఒక్కొక్కటే కూర్చున్నాయి. జనం వెనకున్న బండ ఎక్కారు. చుట్టూ నీళ్లు. పందొమ్మిది మంది. గట్టయ్య ఇవతలి నుంచి వేలు పెట్టి లెక్కపెట్టాడు. ఎర్ర చీర — సమ్మమ్మ.

గడ్డపారతో మునిగాడు. కింద ఏమీ కనబడలేదు. చేతికి తాళం తగిలింది. గొలుసు వీణ తీగలా బిగిసి ఉంది. నీళ్లలో దెబ్బకు బలం లేదు. గడ్డపార జారిపోయింది. పైకి వచ్చి అరిచాడు.

"వెంకటీ! రంపం!"

గడ్డపార నీళ్లలో కొట్టదు. రంపం నీళ్లలోనూ కోస్తుంది.

ఒక ఊపిరికి ఆరు కోతలు. పైకి. మళ్లీ ఊపిరి. ఆరు కోతలు. పైకి. గట్టయ్య మునిగితే వెంకటయ్య తేలాడు. వెంకటయ్య మునిగితే గట్టయ్య తేలాడు. మద్ది చెక్క. నానిన చెక్క రంపాన్ని పట్టుకుంటుంది, వదలదు. కట్ట మీద మీరా సాహెబ్ బండ మీది మనుషులను చూస్తూ, "ఉన్నరు... ఉన్నరు... అందరున్నరు" అని చెబుతూనే ఉన్నాడు.

పొద్దు నడినెత్తికి వచ్చింది. పొద్దు వాలింది.

కోసింది చెక్కను కాదు. గురువారం సాయంత్రం తను అన్న రెండు మాటలను.

ముక్కు తెగింది. పడవ ఒక్క ఎగురు ఎగిరింది.

ఒడ్డుకు లాగారు. వంచారు. నీళ్లు పారబోశారు. తెగిన ముక్కులో గోనెసంచులు కుక్కి బంకమట్టి కూరారు. బరువు వెనక వేస్తే ముక్కు పైకి లేస్తుంది, నీళ్లు రావు. ఆరుగురికి మించి ఎక్కించొద్దు. ముక్కున్న పడవైతే పన్నెండు మంది. పందొమ్మిది మందిని తేవడానికి రెండు తిప్పలు తిప్పితే చాలు. ముక్కు లేని పడవకు —

పన్నెండు, ఏడు. రెండు.

ఆరు, ఆరు, ఆరు. మిగిలేది ఒకరు.

ఆ లెక్క నేర్వడానికి బడి అక్కరలేదు.

మొదటి తిప్పలో పిల్లలు వచ్చారు. ఆరుగురు. ప్రతి వీపుకూ ఒక సొరబుర్ర. సమ్మమ్మ కట్టింది. రెండో తిప్పలో ముసలివాళ్లు. మూడో తిప్పకు బండ మీద నీళ్లు మోకాలి లోతు వచ్చాయి. ఐదుగురు ఎక్కారు. ఇంకొకరికి చోటుంది. సమ్మమ్మ, పక్కింటి చిలుకమ్మ మిగిలారు. చిలుకమ్మకు ఆరో నెల.

"ఎక్కవే సమ్మీ!"

"దాన్ని ఎక్కించుకో అన్నా. ఇద్దరున్నరు దాంట్ల."

"నువ్వు గూడ ఎక్కు. ఏదైతే అదైతది."

"ఏమైతదో నువ్వే చెప్పితివి గద సారుకు. ఇన్నడా? నువ్వన్న నీ మాట ఇను. పో. గడియల వత్తవు."

బండ మీద నిలబడి నవ్వింది. చేతిలో ఆఖరి బుర్ర ఉంది. "నాకిది లేదా!" అని ఎత్తి చూపింది.

గట్టయ్య తెడ్డు వేశాడు. ఎట్లా వేశాడో అతనికి తెలియదు. ఇవతలికి దించాడు. తిరిగాడు. చెరువు మధ్యకు వచ్చేసరికి ఎర్ర చీర కనబడింది. ఇంకొన్ని తెడ్లు వేశాక... పొద్దు ఎరుపు ఏదో, నీళ్ల ఎరుపు ఏదో, చీర ఎరుపు ఏదో తెలియలేదు.

బండ ఉండాల్సిన చోట నీళ్లు.

నీళ్ల మీద ఒక సొరబుర్ర.

మెడకు తాడు ఉచ్చు ఉంది. తెగిందో, ముడి వీడిందో, ఎవరైనా విప్పుకున్నారో... ఆ ఉచ్చు చెప్పదు.

నీళ్లు తగ్గాక వెతికారు. వరిమళ్లలో వెతికారు. కింది వాగు పొడుగునా వెతికారు. సమ్మమ్మ దొరకలేదు.

నెలకు ఆఫీసు నుంచి కాగితం వచ్చింది. మీరా సాహెబ్ రేకులు లేని హోటల్లో కూర్చుని చదివాడు.

తుఫాను వల్ల ఈ గ్రామములో ప్రాణనష్టము లేదు.

"లేదా?" అన్నాడు గట్టయ్య.

"తుఫాను శుక్రవారమే పోయిందట అన్నా. శనివారం తుఫాన్ లేదట."

శనివారం తుఫాను లేదు. కాబట్టి శనివారం చావు లేదు. శవం దొరకలేదు, కాబట్టి మనిషి పోలేదు. సూచనల ప్రకారం బంధించినందున పడవ గాలికి దెబ్బతినలేదు. పడవ ముక్కును ఎందుకు కోయవలసి వచ్చినదో పడవ నడుపువాడు సంజాయిషీ ఇచ్చుకొనవలెను.

పడవ ముక్కు కాగితం ఎక్కింది.

సమ్మమ్మ ఎక్కలేదు.

"ఏం రాయమంటవ్ గట్టన్నా?" అన్నాడు మీరా సాహెబ్. పెన్ను మూత తీశాడు.

"రాయి సాబ్. నీళ్లకు వారాలు తెల్వయని రాయి."

రాశాడు. పంపాడు. జవాబు రాలేదు. గట్టయ్యను తీసేయనూ లేదు — తీసేస్తే ఆ నీళ్ల మీదికి ఇంకెవరు వస్తారు? రెండేళ్లకు కొత్త పడవ వచ్చింది. నీలం రంగు. కొత్త అంకెలు. దానితో పాటు కొత్త గొలుసు. గట్టయ్య మూరేసి చూశాడు.

రెండు మూరలు.

మళ్లీ బతుకమ్మలు పోయాయి. మళ్లీ ఒడ్డున గునుగు పూలు కుళ్లుతున్నాయి. మళ్లీ రేడియో ఆ మాటే అంటోంది — వాయుగుండం.

గట్టయ్య నడుం లోతు నీళ్లలో నిలబడ్డాడు. నీలం పడవ పక్కన ఉంది. చేతిలో రాయి ఉంది. దూరంగా కట్ట మీద జీపు చప్పుడు. హారన్ కొడుతున్నారు. ఎవరో అరుస్తున్నారు.

అతను తల తిప్పలేదు. రాయిని పడవలో పెట్టాడు. ఇంకో రాయి అందుకున్నాడు.

అతని ముందు తేలుతూ, ఆ శనివారం దొరికిన బుర్ర. పాత ఎముక రంగు. మెడకు ఇంకా ఆ ఉచ్చే. ఐదు బారల కొత్త తాడు భుజాన ఉంది, ముడి ఇంకా వేయలేదు.

అల వస్తే తల ఊపుతుంది. అల పోతే ఊరుకుంటుంది.

కింద ఏం నిద్రపోతున్నదో...